“ఎవరి నవల కావాలండీ?”

ఏటా జనవరిలో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవానికి వెళ్లినప్పుడు చూసిన సంగతి ఇది. నలభై ఏళ్లుంటాయేమో, ఒకావిడ ఒక స్టాల్ దగ్గర ఆగి, “మంచి నవల ఏదైనా ఇవ్వండి, మొదలుపెడితే వదలబుద్ధి కాకూడదు” అన్నారు. కౌంటర్ దగ్గరి కుర్రాడు “ఎవరిది కావాలండీ?” అని అడిగాడు. ఆవిడ పాత పేర్లు రెండు చెప్పి, “వాళ్లవన్నీ చదివేశాను, కొత్తవాళ్లవి కావాలి” అన్నారు. కొత్తవాళ్ల పేర్లు ఆవిడకి తెలియవు. కుర్రాడు ఒక దొంతర చూపించాడు. ఆవిడ ఐదారు పుస్తకాలు తిరగేసి, వెనక అట్టలు చదివి, చివరికి పాపకి బొమ్మల పుస్తకం కొని వెళ్లిపోయారు.

కుర్రాడి తప్పేం లేదు. తెలుగులో పుస్తకాన్ని మనం అలాగే అమ్ముతాం, అలాగే పరిచయం చేస్తాం. రచయిత పేరు తెలిసినవాళ్లకే పుస్తకం దొరుకుతుంది. తెలుగులో చదివేవాళ్లు లేరని ప్రతి సభలోనూ బాధపడతాం గానీ, ఆవిడ చదవడానికి సిద్ధంగా, చేతిలో డబ్బుతో వచ్చిన మనిషి. ఆమెకి కావాల్సిన నవల ఆ దొంతరలోనే ఉండి ఉంటుంది. అది తనకోసమేనని చెప్పే మాట ఒక్కటీ ఆమెకి వినపడలేదు.

ఒకప్పుడు ఆ పని వారపత్రికలు చేసేవి. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, స్వాతి ఇంటికొస్తే వంటలు, వారఫలాల మధ్య సీరియల్ కూడా వచ్చేది. రాసినవాళ్లెవరో తెలియకపోయినా మొదటి వారం చదివేవాళ్లం. బాగుంటే వచ్చే వారం కోసం ఎదురుచూసేవాళ్లం. 1978లో మొదలైన ‘చతుర’ నెలకో పూర్తి నవల ఇచ్చేది. కరోనా రోజుల్లో అదీ ఆగిపోయింది. ఇక అద్దె పుస్తకాల షాపులు. మా వీధి చివర షాపాయన పెద్దగా చదువుకోలేదు గానీ, ఏ ఇంట్లో ఎవరు ఏం చదువుతారో ఆయనకి కంఠతా వచ్చు. డిటెక్టివ్ పుస్తకాలు తప్ప ఇంకేదీ ముట్టని మా మామయ్య చేతిలో ఒకసారి ఒక పల్లెటూరి నవల పెట్టి, “నచ్చకపోతే అద్దె ఇవ్వొద్దు” అన్నాడు. మామయ్య అద్దె ఇచ్చాడు. డిటెక్టివ్ పాఠకుడిని పల్లెటూరి కథలోకి నడిపించిన ఆ చిన్న సాయం ఇవాళ ఎవరూ చేయడం లేదు.

ఇప్పుడు కొత్త పుస్తకం సంగతి ఎక్కువగా ఫేస్‌బుక్‌లో తెలుస్తుంది. అయిదు వందలో వెయ్యో కాపీలు వేస్తారు, రచయిత స్నేహితులు ఫొటో పెడతారు, ఆవిష్కరణ సభ జరుగుతుంది. ఆ స్నేహాల బయట ఉన్నవాళ్లకి ఆ పుస్తకం వచ్చినట్టే తెలియదు.

నాకు అంతకంటే పెద్ద ఇబ్బందిగా తోచేది పరిచయాల భాష. అస్తిత్వ నవల, ప్రాంతీయ నవల, ఉద్యమ నేపథ్యం, మట్టి వాసన. ఇవి అబద్ధాలు కావు, విమర్శకి అవసరమైన మాటలే. కానీ అవి రచయిత ఎక్కడ నిలబడి రాశారో చెబుతాయి. చదువుతుంటే ఎలా ఉంటుందో చెప్పవు. స్టాల్ దగ్గరి ఆవిడ అడిగింది ఆ రెండోదాన్నే.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ సంగతి చూడండి. 2019లో, అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం ‘తానా’ పెట్టిన నవలల పోటీలో గెలిచింది. దాన్ని రాయలసీమ నవల అనో, గొర్రెల కాపరుల జీవితం అనో చెబితే సగం మంది పక్కన పెట్టేస్తారు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరక్క, ఇంటర్వ్యూ అంటేనే టెన్షన్ పడే కుర్రాడు కరువు కాలంలో గొర్రెల మంద వెంట నల్లమల అడవిలోకి వెళ్తాడు. అక్కడ పులి ఉంది. వెళ్లినవాడూ తిరిగొచ్చినవాడూ ఒకడు కాదు. ఇలా చెబితే సాహసకథలు ఇష్టపడేవాళ్లూ చదువుతారు, ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లలూ చదువుతారు. 2021లో సినిమా వచ్చేదాకా ఈ కథ ఉందని చాలామందికి తెలియకపోవడం నాకు బాధగానే ఉంది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ 2017లో తానా బహుమతి, 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. రాజులు, యుద్ధాల కథల కోసం తెరల చుట్టూ తిరిగే మన కుర్రకారుకి, విజయనగర సామ్రాజ్యం పోయాక పాలెగాళ్ల చేతుల్లో సీమ ఎలా నలిగిందో చెప్పే నవల తమ భాషలోనే ఉందని ఎవరు చెప్పారు?

జ్ఞాపకాల పుస్తకాల పరిస్థితి ఇంకా కష్టం. కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ వచ్చేసరికి ఆవిడకి తొంభై దాటాయి. దాన్ని కమ్యూనిస్టు ఉద్యమం అరలో పెడతాం. ఆ అర ముందు ఆగనివాళ్లు బోలెడుమంది. నిజానికది చిన్నతనంలోనే వితంతువై, మళ్లీ పెళ్లి చేసుకుని, ఆ భర్తా వదిలేశాక చదువుకుని, కాకినాడలో హాస్టల్ ఉద్యోగంతో తన కాళ్లమీద తాను నిలబడి, కడుపున పుట్టిన ఇద్దరినీ పోగొట్టుకున్న ఒక తల్లి మాట. రాజకీయాలంటే గిట్టని మా పెద్దమ్మకి ఇచ్చాను. రెండు రోజుల్లో పూర్తి చేసి, ఇంకా ఇలాంటివి ఉన్నాయా అని అడిగింది.

ఉన్నాయి, దొరకవు. రిటైరైనవాళ్లు, ఊరి పెద్దలు తమ బతుకు రాసుకుని షష్టిపూర్తికో, ఎనభయ్యో పుట్టినరోజుకో అచ్చేసి బంధువులకి పంచుతారు. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద నాకు అలాంటిది ఒకటి దొరికింది, ఒక పోస్ట్‌మాస్టర్ రాసుకున్నది. ఊళ్లో వాళ్ల ఉత్తరాలు తనే చదివిపెట్టి, జవాబులు తనే రాసిపెట్టిన మనిషి. దుఃఖవార్త ఉన్న కార్డుని వెంటనే ఇవ్వలేక ఒక పూట జేబులో దాచుకున్న రోజు గురించి రెండు పేజీలు రాశారు. ఆ రెండు పేజీలు నేను మర్చిపోలేను. లోపల ‘ప్రతులకు’ అని రచయిత ఇంటి అడ్రసు, పాత ల్యాండ్‌లైన్ నెంబరు. అది పనిచేయడం లేదు. ఇంకొకరికి ఇద్దామంటే రెండో కాపీ ఎక్కడా లేదు.

కాబట్టి నేను అడిగేవి చిన్న పనులు. వెనక అట్ట మీద ప్రముఖుల ప్రశంసలకు బదులు కథ ఎక్కడ మొదలవుతుందో నాలుగు వాక్యాల్లో రాయాలి. మొదటి అధ్యాయాన్ని ఎవరైనా ఫోన్‌లో ఉచితంగా చదువుకునేలా పెట్టాలి, పాత సీరియల్ మొదటి వారంలాగా. స్టాల్‌లో రచయితల వారీగా కాక అడవి, నేరం, రైలు, ప్రేమ, వలస అని ఒక్క బల్లయినా సర్దాలి.

అన్నిటికంటే ముందు గ్రంథాలయాలు. ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా మనందరం కడుతున్నాం. పుస్తకం కొనలేనివాళ్లకి కొత్త నవల కనబడాల్సిన చోటు అదే. చాలా శాఖా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పుస్తకాలు, దినపత్రికలు దాటితే కొత్తగా కనబడేది తక్కువ. ఈ నెల ఏ నవలలు, ఏ స్వీయచరిత్రలు కొన్నారో ఒక కాగితం మీద రాసి తలుపు పక్కన అంటించమని లైబ్రేరియన్‌ని అడుగుదాం. కొనలేదంటే, ఎందుకు కొనలేదో జిల్లా గ్రంథాలయ సంస్థని అడుగుదాం.