విగ్రహాలు చాలు, ఆ డీసీఆర్ పుస్తకాలు దాచండి

పోయిన నెల ముంబయి వెళ్లినప్పుడు, తిరుగు రైలుకి ఇంకా ఐదు గంటలుంటే పెడ్డర్ రోడ్డులోని జాతీయ సినిమా మ్యూజియం చూశాను. గుల్షన్ మహల్ అనే పాత బంగళా, పక్కన కొత్త భవనం. 2019 జనవరిలో తెరిచారు. కొత్త భవనంలో ఒక అంతస్తు గాంధీజీకీ సినిమాకీ, ఒకటి పిల్లలకీ, ఒకటి సాంకేతికతకీ, పైది అన్ని భాషల సినిమాలకీ ఇచ్చారు. బాగుంది, వంక పెట్టను. కానీ నేను బెజవాడవాణ్ణి. సినిమా తీసినవాళ్లు అడుగడుగునా కనిపించారు. సినిమాని ఊరూరా మోసినవాళ్ల జాడే పెద్దగా కనబడలేదు.

మనకో సినిమా మ్యూజియం కావాలనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. అనగానే అందరికీ తట్టేది హీరోల మైనపు బొమ్మలు, కిరీటాలు, సెల్ఫీ పాయింటు. ఇది తెలిస్తే తెనాలి వాళ్లు ఊరుకోరు. మా చక్రపాణి, మా గుమ్మడి, మా జగ్గయ్య అంటూ వచ్చేస్తారు. సినీ ప్రముఖుల మ్యూజియమైతే వాళ్లకే ఇచ్చేద్దాం, తగువు లేదు. విజయవాడలో పెట్టాల్సింది అది కాదు.

తెలుగు సినిమా దశాబ్దాలపాటు తయారైంది మద్రాసులో. దాని జమాఖర్చు రాసింది మాత్రం మా విజయవాడ గాంధీనగర్‌లో. నవయుగ లాంటి పంపిణీ సంస్థలు ఇక్కడినుంచే నడిచాయి. కథ విని, తారాగణం చూసి, పంపిణీదారు అడ్వాన్సు ఇస్తేనే అక్కడ చాలా షూటింగులు కదిలేవి. ఆంధ్ర, సీడెడ్ (రాయలసీమ), నైజాం (తెలంగాణ) అని అప్పటి రాష్ట్రాన్ని సినిమా లెక్కలో పంచుకున్న భాష ఈ వ్యాపారానిది. ఈరోజు కుర్రాళ్లు ఫోన్లలో ‘నైజాం షేర్ ఎంత’ అని కొట్టుకుంటున్నది ఆ భాషలోనే. రోజూ ప్రతి హాలు నుంచీ డీసీఆర్ వచ్చేది, అంటే ఆ రోజు వసూళ్ల లెక్క. నేల ఎన్ని తెగాయి, బెంచీ ఎన్ని, కుర్చీ ఎన్ని, బాల్కనీ ఎన్ని. ఏ ఊళ్లో ఏ సంవత్సరం ఆడవాళ్లు మ్యాట్నీకి రావడం మొదలుపెట్టారో, పంట పోయిన ఏడు నేల టికెట్లు ఎంత పడిపోయాయో తెలియాలంటే ఆ కాగితాలు తిరగెయ్యాలి. ఏ హీరో జీవితచరిత్రలోనూ దొరకని సంగతులవి.

ఇక ఆపరేటర్ క్యాబిన్. ఇది చూడనివాళ్లకి చెప్పి నమ్మించడం కష్టం. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. రెండేసి కలిపి చుట్టినా ఇరవై నిమిషాలకోసారి ఒక ప్రొజెక్టర్ నుంచి రెండో దానికి మారాల్సిందే. తెర కుడివైపు పైమూల చిన్న చుక్క మెరుస్తుంది. మొదటి చుక్కకి రెండో మెషీన్ మోటారు వెయ్యాలి, కొన్ని సెకన్లకి వచ్చే రెండో చుక్కకి వెలుగు మార్చాలి. హాల్లో వెయ్యిమందికి ఆ సంగతే తెలియకూడదు. దీపం కూడా బల్బు కాదు, రెండు కార్బన్ పుల్లల మధ్య మంట. పుల్లలు కాలేకొద్దీ ఎడం పెరుగుతుంది. నల్లద్దంలోంచి చూస్తూ దగ్గరికి జరుపుతుండాలి. ఒక్క క్షణం బీడీ మీద ధ్యాస పోయిందా, తెర మీద హీరోయిన్‌కి పచ్చకామెర్లు. నేలలోంచి ఈలలు, ఆపరేటర్ వంశవృక్షం మొత్తం వినబడేది. ప్రింట్లు చాలనప్పుడు రెండు హాళ్లకి ఒకటే పెట్టె. ఇక్కడ ఆడిన రీలు సైకిలు మీద అక్కడికి పరిగెత్తేది. డిజిటల్ వచ్చాక పదేళ్లు తిరక్కుండానే ఈ పనితనమంతా పోయింది. మెషీన్లు తుక్కుకింద వెళ్లాయి. ఆ మనుషులు ఇంకా ఉన్నారు, డెబ్బైల్లో.

అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయిగా అంటారు కొందరు. రోడ్లకే డబ్బుల్లేవు, మ్యూజియం ఎవడికి కావాలంటారు ఇంకొందరు. రోడ్ల మాట ఒప్పుకుంటాను. కానీ నేనడిగేది వందల కోట్ల భవనం కాదు. మూతబడ్డ సింగిల్ థియేటర్ ఒకటి తీసుకోండి. క్యాబిన్ అలాగే ఉంచండి. టికెట్ల కన్నం కూడా. చెయ్యి ఒకసారి దూరాక టికెట్టుతో తప్ప బయటికి రాని, మణికట్టు గీరుకుపోయే ఆ కన్నాన్ని యూట్యూబ్‌లో ఎలా చూపిస్తారు?

అసలు జబ్బు సినిమాది కాదు. మనకి విగ్రహం పెట్టడం వచ్చు, కాగితం దాచడం రాదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ పుట్టినరోజు 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాలపాటు దండలేసి వేడుకలు చేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సార్ వివరాలు, ఆనాటి పత్రికలు తిరగేసి అది విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని తేల్చాల్సివచ్చింది. అన్నేళ్లూ ఒక్కరైనా కాగితం అడిగారా? తెలుగు సినిమా పితామహుడనే మన బందరువాడు రఘుపతి వెంకయ్య పేరుతో 1980 నుంచి అవార్డులిచ్చాం. ఆయన కొడుకు ప్రకాశ్ 1921లో తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఒక్క అడుగు కూడా మిగల్లేదు. ఆనాటి నైట్రేట్ ఫిల్ము తేలిగ్గా అంటుకుంటుంది, నిలవుంటే పొడైపోతుంది, అందులోని వెండి కోసం కరిగించేవాళ్లూ ఉన్నారు. అది ఆ కాలం తప్పనుకుందాం. అదే 1921లో పోతిన శ్రీనివాసరావు బెజవాడలో కట్టిన మారుతీ టాకీస్‌ని ఆంధ్రలో తొలి సినిమా హాలని చెప్పుకుంటాం. నూరేళ్ల పండగ ఎవరికైనా గుర్తుందా? ఒక్క సినిమా ఏమిటి, పాత పత్రికలు, నాటక సమాజాల మినిట్స్ పుస్తకాలు, పంచాయతీ రికార్డులు, అన్నిటికీ ఇదే గతి. తాతగారి ఫోటోకి దండ వేస్తాం, ఆయన డైరీ పొట్లాలకి పోతుంది. ఆధారం లేకపోవడం కొందరికి సుఖం కూడాను. లెక్కలుంటే ‘మా సినిమా రికార్డులు బద్దలుకొట్టింది’ అనేవాడిని ఏవి ఆ రికార్డులు అని అడగొచ్చు.

ముంబయి నుంచి వచ్చాక గాంధీనగర్‌లో ఒక పాత పంపిణీ ఆఫీసుకి వెళ్లాను. మెట్ల కింద నాలుగు గోనె సంచులు. పైదాని మూతి విప్పితే డీసీఆర్ పుస్తకాలు, పాటల పుస్తకాలు, తడిసి అతుక్కుపోయిన కరపత్రాలు. ఒక పుస్తకం తెరిచాను. ఊదారంగు కార్బన్ అక్షరాలు, పక్కన ఎవరిదో పొడి అక్షరాల సంతకం. వర్షం, సెకండ్ షో రద్దు అని రాసుంది.

‘వీటినేం చేస్తారండీ’ అనడిగాను ఆ పెద్దాయన్ని.

‘రేపు పాతపేపర్లాయన వస్తానన్నాడు. కిలోకి పన్నెండు ఇస్తాట్ట’ అన్నాడు.