పెర్పేతువా ఓర్చుకుందని ఎవరు చెప్పారు స్వామీ?

మా ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) ఇళ్లలో ఆగ్నేసమ్మలు, లూసీలు, సిసిలీలు, ఆగాతమ్మలు వీధికి ఇద్దరుంటారు. ఆ పేర్లు ఎక్కడివో అడిగితే మాత్రం నూటికి తొంభై మంది తెల్లముఖం వేస్తారు. పూజలో చదివే పాత రోమన్ ప్రార్థనలో ఈ పేర్లన్నీ ఒకే వరసలో వస్తాయి. ఫెలిసిటా, పెర్పేతువా, ఆగాత, లూసీ, ఆగ్నెస్, సిసిలియా, అనస్తాసియా. ఏడుగురు ఆడవాళ్లు, అందరూ వేదసాక్షులే, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు. మా గుళ్లో ఆదివారాలు ఎక్కువగా చిన్న ప్రార్థనే చదివేస్తారు కాబట్టి ఆ వరస చెవిన పడటమే అరుదు.

ఇప్పుడు నా కోపం సంగతి. పెర్పేతువా, ఫెలిసిటాల పండగ మార్చి 7. మర్నాడే మహిళా దినోత్సవం. రెండూ కలిపి మా స్వాములది (ఫాదర్లది) ఒక ప్రసంగం అయిపోతుంది, ఏటా అదే ప్రసంగం. "ఆ తల్లుల ఓర్పు చూడండి, సహనం చూడండి, అణకువ చూడండి, ఇంట్లో మీరూ అలాగే ఉండండి." నేను చిన్నప్పటి నుంచీ ఇదే వింటున్నాను. తర్వాతెప్పుడో ఆ చరిత్ర చదివితే నాకు మతిపోయింది, ఎందుకంటే అందులో అణకువ అనేది భూతద్దం పెట్టి వెతికినా దొరకలేదు.

203వ సంవత్సరం, కార్తేజి నగరం, అంటే ఇప్పటి ట్యునీషియా. పెర్పేతువాకు ఇరవై రెండేళ్లు. కలిగినింటి పిల్ల, చదువుకుంది, చంకలో పాలు తాగే కొడుకు. క్రైస్తవులు కావడానికి జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్నవాళ్లని రోమన్ అధికారులు పట్టుకుపోయారు, వాళ్లలో ఈమె ఉంది. జైల్లో తన చేత్తో తనే రాసుకున్న రాత మనకి మిగిలింది. అది అసలు విషయం. ఎవరో స్వాములు వందేళ్ల తర్వాత పొగుడుతూ రాసింది కాదు, ఆమె మాటే.

ఆ రాతలో మొదటే నాన్నతో గొడవ. నాన్న వచ్చి ఈ మతం వదిలెయ్యమంటాడు. ఆమె అక్కడున్న కూజా చూపించి, దీన్ని కూజా అని కాక ఇంకో పేరుతో పిలవగలవా అని అడుగుతుంది. పిలవలేను అంటాడు. అలాగే నేనూ క్రైస్తవురాలిని తప్ప ఇంకోటి అని చెప్పుకోలేను అంటుంది. ఆయన కళ్లు పీకేసేంత కోపంతో మీదికొచ్చాడట. ఇంకోసారి వచ్చి చేతులు ముద్దు పెట్టుకుని, కాళ్ల మీద పడి, కూతురా అని కూడా అనకుండా దొరసానీ అని పిలుస్తూ ఏడ్చాడు. విచారణ రోజు బిడ్డనెత్తుకుని వచ్చి బతిమాలితే అధికారి హిలారియానుస్ ఆ ముసలాయన్ని బెత్తంతో కొట్టించాడు. ఆ దెబ్బ నాకే తగిలినట్టయింది అని రాసుకుంది. అయినా ఔననలేదు. ఇదేనా అణకువ? ఇంట్లో ఇలా మాట్లాడిన కూతురిని మనవాళ్లు ఏమంటారో నాకు బాగా తెలుసు.

భయపడలేదని కూడా ఎక్కడా లేదు. అంత చీకటి ఎప్పుడూ చూడలేదు, బెదిరిపోయాను, బిడ్డ గురించి బెంగతో నలిగిపోయాను అని ఒప్పుకుంటుంది. సంఘంవాళ్లు కాపలావాళ్లకి డబ్బిచ్చి కొన్ని గంటలు మంచి చోట కూర్చోనిస్తే ఆకలితో వాడిపోయిన పిల్లాడికి పాలిచ్చుకుంది. బిడ్డ దగ్గరుంటే జైలే నాకు రాజభవనంలా అనిపించింది అంటుంది. మృగాలకి వేసే శిక్ష పడ్డాక బిడ్డని పంపమంటే నాన్న పంపలేదు.

"పిల్లాడిని వదిలేసి చావడమేంటి, అదేం తల్లి" అని ఒకావిడ నాతో అన్నారు. తప్పు ప్రశ్న కాదు, నన్నూ అది ఇబ్బంది పెడుతుంది. కానీ ఆ రాత మొత్తంలో భర్త గురించి ఒక్క ముక్క లేదు, ఉన్నాడో లేడో కూడా తెలియదు. అతనెక్కడ అని మాత్రం ఎవరూ అడగరు!

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. జైలు అధికారి వీళ్లని సరిగా తిననివ్వకుండా సతాయిస్తుంటే మొహం మీదే అడిగింది, మేం సీజరు పుట్టినరోజు ఆటలకి ఎంపికైన ఖైదీలం, కాస్త ఒళ్లు చేసి వెళ్తే నీకే కదా పేరు అని. అతను ఎర్రబడిపోయి తిండి మెరుగుపరిచాడు. చావడానికి వెళ్తూ ఎవరైనా ఇలా వెటకారమాడతారా! ఆ సీజరు సెవెరుస్ చక్రవర్తి కొడుకు గేటా. ఆటలంటే జనం చూస్తుండగా ఖైదీలని మృగాల ముందుకి వదలడం.

ఇక ఫెలిసిటా. బానిస. ఆమె పెర్పేతువా పనిమనిషి అని ప్రసంగాల్లో చెప్పేస్తుంటారు, ఆ రాతలో అలా లేదు. ఎనిమిదో నెల గర్భిణి. గర్భిణులకి మరణశిక్ష అమలు చేయకూడదు, అందుకని తోటివాళ్లతో కాకుండా తర్వాతెప్పుడో హంతకుల మధ్య చావాల్సి వస్తుందని ఆమె టెన్షన్. ఆటలకి ముందే నొప్పులొచ్చాయి. అరుస్తుంటే కాపలావాడు, దీనికే ఇలాగైతే మృగాల ముందు ఏం చేస్తావని ఎగతాళి చేశాడు. ఇప్పుడు పడే బాధ నేను పడుతున్నాను, అప్పుడు నా కోసం బాధపడేవాడు నాలో ఉంటాడు అంది. ఆడపిల్ల పుట్టింది. సంఘంలో ఒకావిడ తన కూతురిలా పెంచుకుంది.

ఆటల రోజు వాళ్లకి దేవతల పూజారిణుల వేషం వేయబోతే పెర్పేతువా ససేమిరా అంది, మా స్వేచ్ఛ కోసమే కదా ఇంతదాకా వచ్చాం అని వాదించింది. గెలిచింది కూడా. పొగరుబోతు ఆవును వదిలారు. అది ఎత్తి పడేస్తే లేచి, చిరిగిన బట్ట సర్దుకుని, జుట్టుకి పిన్ను అడిగింది. విరబోసుకున్న జుట్టు ఏడుపు ఇంటి గుర్తు అని. (మన దగ్గరా అంతే కదా.) తర్వాత పడిపోయి ఉన్న ఫెలిసిటాకి చెయ్యిచ్చి లేపింది. చివరికి కత్తి పట్టిన కుర్రాడు కొత్తవాడు, చెయ్యి వణికింది. ఆ చెయ్యి పట్టుకుని తన గొంతు దగ్గరికి తనే తెచ్చుకుంది.

ఇది ఇంకెవరో పూర్తి చేసిన భాగం. ఆమె ముందు రోజే కలం ఆపేసింది, ఆటల్లో ఏం జరిగిందో రాయాలనుకున్నవాళ్లు రాసుకోండి అని. మొత్తం కలిపినా గంటలో చదివెయ్యొచ్చు. వచ్చే మార్చిలో ఓర్పు గురించి చెప్పే ముందు ఆ గంట కూర్చోండి స్వామీ.