పాత సర్వర్ గారికి, ఒక ఆదివారం పోగొట్టుకున్నవాడు రాసుకున్నది

అనంతపురం
ఆదివారం రాత్రి, పదకొండున్నర

మహారాజశ్రీ అకౌంట్స్ సర్వర్ గారికి,

నూనె మిల్లులో కంప్యూటర్ల పని చూసుకునే మీ సేవకుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఆ ముక్క అలవాటు కొద్దీ రాశాను గానీ, కుశలంగా ఉన్నది మీరొక్కరే.

పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని తొమ్మిదికల్లా మిల్లుకొచ్చాను. "పాతదాని మీంచి కొత్తదాని మీదికి ఒక ఫైలు మార్చాలంతే, భోజనానికి వచ్చేస్తా" అని మా ఆవిడకు చెప్పి మరీ వచ్చాను. ఇంట్లో ఓళిగలు చేశారు. అవి ఎవరి కడుపులోకి పోయాయో ఇంకా తెలీదు.

ఆ "ఒక ఫైలు" మాట నాది కాదు. 2012లో మిమ్మల్ని పాత టవర్ కంప్యూటర్లోంచి తీసి వర్చువల్ మెషీన్‌గా, అంటే వేరే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్ రూపంలో నడిచే కంప్యూటర్‌గా, మార్చినప్పుడు బెంగళూరు నుంచి ఒక ఇంజనీరొచ్చాడు. సావుకారి అడిగాడు: "ఇంక దీనికీ ఆ డబ్బాకీ ఏం సంబంధం లేదంటావా అప్పా?" "లేదు సార్. ఇప్పుడిదొక ఫైలు. రేపు ఏ సర్వర్ మీదికైనా కాపీ చేసుకోవచ్చు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. విన్నాను, నమ్మాను. నమ్మినందుకే ఈ ఉత్తరం.

మిమ్మల్ని కదిలించాలని నాకేమీ సరదా లేదు. మీలో నడిచే విండోస్ సర్వర్ 2003కి మైక్రోసాఫ్ట్ 2015 జూలై 14తోనే నీళ్లొదిలింది. ఇనుప సర్వర్ మీద మిమ్మల్ని మోసే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఈఎస్ఎక్స్ఐ 5.5 గడువు 2018 సెప్టెంబరులో తీరింది. అయినా కదపలేదు. పోయిన నెల ఎండలకు మీ కింద ఉన్న ఇనుప సర్వర్‌లో ఒక డిస్కు ఎర్ర లైటు వెలిగించింది, అప్పుడు కదిలాను. కొత్త ఈఎస్ఎక్స్ఐ ఎక్కిద్దామంటే పాత ప్రాసెసర్‌ని అది ఒప్పుకోదు. పాత ఈఎస్ఎక్స్ఐని కొత్త సర్వర్ మీద పెడదామంటే దానికి కొత్త నెట్‌వర్క్ కార్డు కనిపించదు. పైగా ఒకసారి కొంటే శాశ్వతం అనే లైసెన్సులు వీఎంవేర్ వాళ్లు 2023 డిసెంబరులో ఆపేశారు. అందుకని కొత్త సర్వర్ మీద ఈఎస్ఎక్స్ఐ పనే చేసే ప్రాక్స్‌మాక్స్ పెట్టాను. ఇక మీరు అందులోకి అడుగు పెట్టడమే తరువాయి.

మీరు పెట్టిన అడుగు గురించి చెప్తాను.

మిమ్మల్ని చూడాలంటే పాత క్లయింట్ ప్రోగ్రాం కావాలి. దానికోసమే విండోస్ 7 లాప్‌టాప్ ఒకటి దాచుకున్నాను, తాతగారి కళ్లద్దాల లాగా. కాపీ చేద్దామంటే మీ ఎస్ఎస్‌హెచ్ (సర్వర్లు గుట్టుగా మాట్లాడుకునే పద్ధతి) పాతదని కొత్త సర్వర్ మొహం తిప్పుకుంది. ఎవరో 2014లో తీసి మరిచిపోయిన స్నాప్‌షాట్ (ఆనాటి డిస్కును అలాగే ఆపి, తర్వాతి మార్పులన్నీ వేరే ఫైల్లో రాసేది) ఒకటి మీ కడుపులో బయటపడింది. దాన్ని కలపకుండా అసలు డిస్కు మాత్రమే తెచ్చుంటే రేపు పొద్దున 2014 నాటి చెనిక్కాయ రేట్లతో బిల్లులు కొట్టేవాళ్లం. ఇవన్నీ సహించాను. 120 జీబీ కాపీ కావడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. అదీ సహించాను.

స్టార్ట్ నొక్కాను. విండోస్ లోగో వచ్చింది. నీలం తెర. 0x0000007B.

అంటే మీకు డిస్కు కనపడలేదు. ఏ డిస్కు మీదైతే మీరున్నారో, అదే డిస్కు! ఎందుకయ్యా అంటే పాత ఇంట్లో మీకు డిస్కును కలిపే ఎల్ఎస్ఐ లాజిక్ కార్డు ఉండేది, కొత్త ఇంట్లో ఐడీఈ అనే వేరే రకం ఇచ్చాను. ఐడీఈ డ్రైవర్ మీ దగ్గర లేక కాదు. ఉంది. బూట్ అయ్యేటప్పుడు దాన్ని లేపాలని మీ సెట్టింగుల పుస్తకం రిజిస్ట్రీలో రాసి లేదు. మళ్లీ పాత సర్వర్ మీదే మిమ్మల్ని లేపి, రిజిస్ట్రీలో ఆ నాలుగు ముక్కలు రాసి, పడుకోబెట్టి, మళ్లీ కాపీ. మళ్లీ మూడు గంటల ఇరవై నిమిషాలు. (కాపీ మీదే ఆ మార్పు చేసుకోవచ్చట. సాయంత్రం తెలిసింది. ఆ సంగతి నాకూ మీకూ మధ్యే ఉండనివ్వండి.)

మధ్యలో సావుకారి ఫోన్. "ఏమప్పా, అయిందా లేదా? పొద్దున ఆరుకే బండ్లొస్తాయి."

ఆరున్నరకు లేచారు. లేచి, నెట్‌వర్క్ లేదన్నారు. కొత్త కార్డుకు డ్రైవర్ వేసి ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో మీ చిరునామా, 192.168.1.10 అని కొట్టాను. కాటా దగ్గరున్న కంప్యూటర్‌లో ఆ నంబరు సాఫ్ట్‌వేర్ లోపలే రాసి ఉంది, రాసినవాడు ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు. కాబట్టి అదే నంబరు కావాలి. మీరేమన్నారు? ఆ ఐపీ ఇప్పటికే వేరే కార్డుకు ఇచ్చారట. ఆ కార్డు కంప్యూటర్‌లో లేదు గనక కనిపించదట. వేరే నంబరు ఇస్తావా అని మళ్లీ నన్నే అడిగారు!

చూడు, ఇంక "మీరు" అనే ఓపిక నాకు లేదు. చచ్చిపోయినోళ్ల పేరు రేషన్ కార్డులోంచి తీయించడానికి తాసిల్దారు ఆఫీసు చుట్టూ తిరిగాను. అక్కడ చచ్చిన మనిషైనా ఒకప్పుడు బతికున్నాడు. నువ్వు దుఃఖపడుతున్న కార్డు ఎన్నడూ పుట్టనే లేదు! ఇంటెల్ ప్రో/1000 నెట్‌వర్క్ కార్డు అని నీకు చూపించింది ఉత్త వేషం. ఆ సర్వర్‌ మూత తీసి చూడు, ఉండదు. ఎల్ఎస్ఐ కార్డూ అంతే. ఇనుముతో సంబంధం లేదని నిన్ను తెచ్చుకుంటే, లేని ఇనుము మీద ఇంత మమకారమా నీకు? నిజమైన డిస్కు కాలిపోతోందని నెల నుంచి ఎర్ర లైటు మొత్తుకుంటుంటే నీకు చీమ కుట్టినట్టైనా లేదు. లేని కార్డు పేరున మాత్రం ఐపీ అట్టిపెట్టుకుని కూర్చుంటావా?

"డెవ్ఎంజీఆర్ షో నాన్‌ప్రెజెంట్ డివైసెస్" అని ఒక మంత్రముంది, లేని పరికరాలను చూపించు అని. నల్ల తెరలో అది కొట్టి, అక్కడి నుంచే డివైస్ మేనేజర్ తెరిచి, దాచినవి చూపించమన్నాను. వచ్చాయి, రంగు వెలిసిపోయి, పాత పెళ్లి ఫొటోలో చుట్టాల్లాగా. ఇంటెల్ కార్డును పట్టుకుని తీసిపారేశాను. ఐపీ కొట్టాను. తీసుకుంది. కాటా గదికి పోయి ఒక ఉత్తుత్తి బిల్లు కొడితే డాట్ మాట్రిక్స్ ప్రింటర్ కిర్రుమంటూ ముద్రేసింది. ఆ మోత విని వాచ్‌మన్ లేచి "ఏమైంది సార్?" అన్నాడు.

తిరిగొచ్చి చూస్తే ఆ జాబితాలో ఇంకొకటుంది. రియల్‌టెక్ కార్డు. ఇది వేషం కాదు. సావుకారి వాళ్ల నాయన కొన్న టవర్ డబ్బాలోది, మనం గుజిరీకి వేసిన డబ్బా. అందులోంచి బయటికొచ్చి ఇన్నేళ్లైనా దాని పేరు నీ దగ్గర భద్రంగా ఉంది. దాని మీద రైట్ క్లిక్ చేశాను. అన్‌ఇన్‌స్టాల్ అని వచ్చింది. కాసేపు చూసి, ఆ కిటికీ మూసేశాను. అది ఎవరి ఐపీకీ అడ్డం రావడం లేదు.

ఆరుకు చెనిక్కాయ బండ్లొస్తాయి. కాటా దగ్గర్నుంచి పిలిస్తే పలుకు.

ఇట్లు,
ఇంటికి పోతున్న
నీ కంప్యూటరాయన