సవరణ: నరాల నొప్పి మందులు, టీఎల్‌డీ వాడేవాళ్లు

నొప్పిని గుర్తించి తగ్గించడంపై ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్ల నర్సులకు, కౌన్సెలర్లకు ఇచ్చే శిక్షణ గురించి గత పోస్టులో రాశాను. అందులో అరికాళ్ల మంటకు గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, కార్బమాజెపైన్ ఒకే వరుసలో ఉన్నాయి. కార్బమాజెపైన్‌ను ఆ వరుస నుంచి తీసేశాను.

మన దగ్గర ఇప్పుడు హెచ్‌ఐవీకి ఎక్కువమంది వాడుతున్నది టీఎల్‌డీ మాత్ర. అందులో వైరస్‌ను అణిచే డోలుటెగ్రావిర్ ఉంటుంది. కార్బమాజెపైన్ కాలేయంలోని ఎంజైముల జోరు పెంచి, రక్తంలో డోలుటెగ్రావిర్‌ను బాగా తగ్గించేస్తుంది. కాళ్ల మంట తగ్గిందని సంతోషించేలోపే వైరస్ మళ్లీ పెరగొచ్చు. కార్బమాజెపైన్ తప్పనిసరైతే డాక్టర్లు డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇస్తారు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు దయచేసి సొంతంగా ఆపకండి, అది ఫిట్స్ కోసం రాసిన మందు కావచ్చు. రెండు చీటీలూ ఏఆర్‌టీ డాక్టరుకు చూపించండి.

టీఎల్‌డీలోనే టెనోఫోవిర్ కూడా ఉంటుంది. దానితోపాటు మెడికల్ షాపులో కొన్న డైక్లోఫెనాక్ రోజుల తరబడి వేసుకుంటే కిడ్నీలకు ముప్పు. అందుకే నర్సులకు ముందు నేర్పాల్సిన ప్రశ్న, "నొప్పికి బయట ఏం కొని వేసుకుంటున్నారమ్మా?" టీబీకి ఐసోనియాజిడ్ వాడుతుంటే బీ6 విటమిన్ అందుతోందో లేదో కూడా అడగాలి. అరికాళ్ల మంట ఐసోనియాజిడ్ వల్లా వస్తుంది.