నూటికి వయసు కలిపితే

(తిరుపతి, బైరాగిపట్టెడలో అక్క ఇల్లు. చిత్తూరు నుంచి బస్సు దిగి వచ్చిన తమ్ముడు కాఫీ గ్లాసు కింద పెట్టేలోపే ఆవిడ బీపీ మిషను పట్టీ చుట్టేసింది. ఆయనకి 62, ఆవిడకి 69.)

అక్క: 158/94! మాత్ర వేసుకుంటున్నావా లేదా?

తమ్ముడు: మాత్రెందుకు? నూటికి వయసు కలుపు. 162 దాకా నాకు హక్కుంది. ఇంకా నాలుగు మిగులు.

అక్క: ఏటేటా పెరగడానికి అదేమన్నా పెన్షనా? పెద్దవాళ్లకి 120/80 లోపుంటే మంచిది. 140/90 దాటి అక్కడే కూర్చుంటే బీపీ ఉన్నట్టే.

తమ్ముడు: వయసుతో పెరుగుతుందని మీ డాక్టరే అన్నాడుగా!

అక్క: పెరుగుతుందన్నాడు, పెరగనిమ్మనలేదు. రక్తనాళాలు బిరుసెక్కి పై అంకె లేస్తుందట. చూస్తూ ఊరుకోడానికి అదేమన్నా బట్టతలా?

తమ్ముడు: (తల తడుముకుని) ఇప్పుడు తల మాటెందుకు?

అక్క: మన బుజ్జిగాడికి ఎనిమిదేళ్లు. వాడికి 120 వస్తే అది ఎక్కువే. పిల్లలకి వయసూ ఎత్తూ చూసి లెక్కగడతారు. కోడలికి ఏడో నెలలో 140/90 వస్తే ఆ రోజే ఆసుపత్రికి పరిగెత్తాం. నిన్నడిగుంటే దాని వయసు కలిపేవాడివి!

తమ్ముడు: అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాణ్ణి నేను.

అక్క: ఎప్పుడు? నీ పెళ్లి కుదిరిన మొక్కుకి. ఇప్పటిదాకా ఆ మెట్ల మీద వడ్డీ తింటున్నావు.

తమ్ముడు: అయితే మిషనే తప్పు.

అక్క: మిషను కాదు, మనమే. కాఫీ తాగి అరగంటైనా ఆగాలి. కాలు మీద కాలు తియ్. వీపు ఆనించు. అయిదు నిమిషాలు నోరు మూసుకో.

(నలభై సెకన్లు గడిచాయి. ఆ ఇంట్లో అదే రికార్డు.)

తమ్ముడు: మధ్యాహ్నం ఊరమిరపకాయలు వేయిస్తావా?

అక్క: మళ్లీ మొదటికి! రోజంతటికీ ఉప్పు అయిదు గ్రాములు, ఒక టీస్పూను లోపే. నీకు అది మజ్జిగన్నానికే చాలదు.

(అరగంట తర్వాత, మూడో ప్రయత్నంలో 146/88.)

తమ్ముడు: తగ్గింది చూడు!

అక్క: ఒక్కసారి తగ్గితే కాదు. వారం పాటు పొద్దున, సాయంత్రం చూసి రాసిపెట్టు. ఆ కాగితం డాక్టరుకి చూపించు.

తమ్ముడు: సరే. ఇప్పుడు నీ చెయ్యి ఇటివ్వు.

అక్క: నాకెందుకురా, పొయ్యి మీద పప్పుంది...

(పట్టీ చుట్టేశాడు. 164/90.)

తమ్ముడు: అక్కా!

అక్క: ఏందిరా అరుపు? నాకు 69. నూటికి కలుపు. ఇంకా అయిదు మిగులు.