సూర్యనారాయణమూర్తికి టికెట్ అక్కర్లేదు

మొన్న డిసెంబర్‌లో ఒక పాత జమీందారీ భవంతిలో నడుస్తున్న మ్యూజియానికి వెళ్లాను. పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు, మీ ఊళ్లోదీ ఇంతే. లోపలికి వెళ్లగానే కంటపడిన అభివృద్ధి ఏమిటంటే కర్టెన్లు కొత్తవి. బాగున్నాయే, ఎందుకు మార్చారండీ అని కౌంటర్‌లో ఉన్నావిడని అడిగాను. "పాతవి ఎండకి వెలిసిపోయాయండీ" అంది.

చూశారా, ఎంత జాగ్రత్తగల యాజమాన్యమో! కర్టెన్ వెలిసిందని కనిపెట్టారు, ఫైలు నడిపారు, కొత్తవి తెప్పించారు. ఆ కర్టెన్‌కి రెండడుగుల ఇవతల గాజు పెట్టెలో ఉన్న పాత కలంకారీ గుడ్డ సంగతి మాత్రం ఎవరి ఫైల్లోనూ లేదు. పైగా కొత్త కర్టెన్లకి బంగారు రంగు కుచ్చులు కట్టి పక్కకి లాగి పెట్టారు, మూసేస్తే ఆ అందం ఎవరికి కనిపిస్తుంది మరి.

అది దక్షిణపు కిటికీ. చలికాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు కాబట్టి ఎండ నేరుగా హాల్లోకి వస్తుంది. నేను ఆ రోజు పనిలేక, నిజం చెప్పాలంటే కోపమొచ్చి, అక్కడే ఒక బల్ల మీద కూర్చుని ఆ ఎండ ముక్క ఏం చేస్తుందో చూశాను. పదింటికి వచ్చింది. టికెట్ తీసుకోలేదు, చెప్పులు విప్పలేదు. ముందు ఒక పాత ఫర్మానా దగ్గర నిలబడి తీరుబడిగా చదువుకుంది. పదకొండున్నరకి కలంకారీ మీదికి వెళ్లి భోజనాల వేళ దాకా అక్కడే ఉంది. ఒంటిగంటకి గార్డు కుర్చీ మీద పడింది. అప్పుడు జరిగింది అసలు అద్భుతం: గార్డు లేచి, కుర్చీ తీసుకుని నాలుగడుగులు నీడలోకి జరిగి మళ్లీ కూర్చున్నాడు. ఆ భవనం మొత్తంలో ఎండ గురించి సరైన నిర్ణయం తీసుకున్న ఏకైక ఉద్యోగి ఆయనే. ఆయన్ని క్యూరేటర్ని చేయాలని నా మనవి.

కాసేపటికి ఒక పిల్లాడు ఫోన్‌తో ఫోటో తీశాడు, ఫ్లాష్ వెలిగింది. వెంటనే విజిల్! బోర్డు కనపడట్లేదా అని గద్దింపు. పాపం నిజంగానే కనపడట్లేదు, "ఫ్లాష్ వాడరాదు" అని ఎర్రక్షరాలతో రాసిన ఆ బోర్డు ఎండకి తెల్లబడిపోయింది.

కొంచెం లెక్క చెప్తాను, భయపడకండి. బట్టలకీ కాగితాలకీ మ్యూజియంలో 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురుకి కొలత) దాటకూడదన్నది ప్రపంచమంతా పాటించే మాట. రోజుకి 8 గంటలు, ఏడాదికి 300 రోజులు వేసుకుంటే 1,20,000 లక్స్ గంటలు. ఆరుబయట నడినెత్తి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. కిటికీ గాజు దాటి అందులో సగమే వచ్చిందనుకున్నా, ఆ గుడ్డ ఏడాదంతా తినాల్సిన వెలుతురు రెండున్నర గంటల్లోపే తినేస్తుంది. గాజు ఉంది కదా అంటారు. మామూలు గాజు అతినీలలోహిత కిరణాల్లో కొన్నిటిని ఆపి, మిగతావాటిని రండి రండి అని లోపలికి పంపిస్తుంది. అదే లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆర్డబిల్ అనే పాతకాలపు పర్షియన్ తివాచీకి అరగంటకోసారి పదేసి నిమిషాలు మాత్రమే లైటు వేస్తారు.

మా మ్యూజియంలో చీకటి లేదని కాదు, ఉంది. కత్తుల గదిలో పెట్టారు. ఎండలో వెయ్యేళ్లు ఉన్నా రంగు మారని ఇనుప కత్తులకి చీకటి గది, మఖమల్ గుడ్డ, చిన్న చిన్న లైట్లు.

పోనీ కిటికీకి ఏదైనా అడ్డం పెట్టొచ్చు కదా అంటే, "హెరిటేజ్ బిల్డింగ్ సార్, మేకు కూడా కొట్టకూడదు" అన్నారు. ఆ మాట చెప్పిన పెద్దమనిషి నెత్తిమీదే గోడకి కన్నం పెట్టి బిగించిన ఏసీ నడుస్తోంది. అడ్డం పెట్టడానికి మేకెందుకు? ఆ ఇల్లు కట్టినవాళ్లకి తెలుసు ఎండంటే ఏమిటో. లోతైన వరండా, కిందికి దిగిన చూరు, కిటికీలకి వాలు పలకల చెక్క రెక్కలు, వేసవిలో వట్టివేళ్ల తడికలు. బయటి ఎండలోంచి వరండా, వరండాలోంచి హాలు, హాల్లోంచి లోపలి గది, మెట్టుమెట్టుగా కళ్లు చీకటికి అలవాటు పడేవి. ఇప్పుడు వరండాలో క్యాంటీన్. చెక్క రెక్కలు ఊడదీసి మెట్ల కింద పడేశారు, నేను చూశాను, మీద పాత కుండీలున్నాయి. మ్యూజియం వెలుతురుగా ఉండాలట, జనం చీకటిగా ఉందని కంప్లైంట్ చేస్తున్నారట.

ఆ కలంకారీలో ఆకులు నీలంగా ఉన్నాయి. పక్కన గైడు ఎవరికో చెప్తున్నాడు, చూడండి, మన కళాకారుడి ఊహ, నీలం ఆకులు! ఊహా లేదు, పాడూ లేదు. అవి ఆకుపచ్చవి. నీలిమందు మీద పసుపు వేస్తే వచ్చే పచ్చ. పసుపు వెలుతురుకి ముందు చచ్చిపోతుంది, నీలం మిగులుతుంది. ఎవరో ఒకడు ఆ గుడ్డని కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టి, ఆరబెట్టి, వెదురు కలంతో గీత గీత గీసి, ఒక్కో రంగుకీ మళ్లీ మళ్లీ ఏటి నీళ్లలో ఉతికి చేశాడు. వాడి పేరు చీటీ మీద లేదు. వాడిదని మిగిలింది ఆ పచ్చ ఒక్కటే, దాన్నీ చంపేశారు, చంపేసి దానికి కళాకారుడి ఊహ అని పేరు పెడుతున్నారు! చెద తింటే మందు కొడతాం, చినిగితే కుడతాం, పోయిన రంగుని మీ తాత వచ్చినా తిరిగి తేలేడు. ఒక్క కుచ్చు విప్పి కర్టెన్ లాగడానికి ఏ అనుమతి కావాలి మీకు? ఏ కమిటీ కూర్చోవాలి?

ఇదంతా గార్డుతో గట్టిగానే అనేశాను, పాపం ఆయన చేతిలో ఏముంది. ఓపిగ్గా విన్నాడు, ఎండ ముక్క వైపు చూశాడు, వాచీ చూసుకున్నాడు.

"కంగారు పడకండి సార్, మూడున్నరకల్లా వెళ్లిపోద్ది."