కూలిన చెట్టు పేరుతో నిలిచినవాటికి శిక్ష

గాలివాన వెలిసిన మర్నాడు తిరుపతిలో మొదట వినిపించేది రంపం చప్పుడు. విరిగిన ఒక్క కొమ్మను తీయడానికి వచ్చినవారు పక్కనున్న నాలుగు చెట్లనూ మొదలంటా నరికి వెళతారు. అడిగితే ‘ప్రమాదకరం’ అంటారు. ఎవరు చూసి తేల్చారంటే చూపడానికి కాగితం ఉండదు.

ప్రాణం కంటే చెట్టు ఎక్కువ కాదన్న వాదనతో మాకు పేచీ లేదు. 2023 జులైలో గోవిందరాజస్వామి ఆలయంలో రావిచెట్టు కూలి ఒక భక్తుడు మరణించిన సంగతి నగరం మరవలేదు. అయితే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

కూలబోయే చెట్టు చాలాసార్లు ముందే చెబుతుంది. మాను మొదలు దగ్గర పుట్టగొడుగులు లేస్తాయి. పంగలో చీలిక కనిపిస్తుంది. ఒక పక్క మట్టి ఉబ్బి మాను కొత్తగా ఒరుగుతుంది. సుత్తితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. డొల్లబారిన ప్రతి చెట్టూ పడిపోదు. చుట్టూ మిగిలిన గట్టి చెక్క మందం మాను వ్యాసార్ధంలో 30 శాతం కంటే తగ్గిందా అన్నది నిపుణులు చూసే ఒక లెక్క. కింద ఎవరున్నారన్నది మరో లెక్క. బస్టాపు మీదికి ఒరిగినదీ, బీడు భూమిలో ఒరిగినదీ ఒకటి కావు. కొమ్మల బరువు తగ్గించడం, ఊతమివ్వడం, కంచె కట్టడం వంటివి పనికిరావని తేలాకే గొడ్డలి ఎత్తాలి.

అసలు వీటిని బలహీనపరిచిందెవరు? కాలువల కోసం వేళ్లు తెగ్గొట్టారు, మాను చుట్టూ సిమెంటు పోశారు, కరెంటు తీగల కోసం ఒకవైపు కొమ్మలే కొట్టారు. ఇప్పుడు చెట్టు ఒరిగిందని చెట్టునే తప్పుపడుతున్నారు! కూలితే మాత్రం దైవాధీనమట. ఢిల్లీలో కొమ్మ విరిగిపడి స్కూటరుపై వెళుతున్న వ్యక్తి మరణించిన కేసులో 1999లో సుప్రీంకోర్టు నగరపాలక సంస్థనే బాధ్యురాలిని చేసింది. రోడ్డు పక్క చెట్లను తరచూ తనిఖీ చేయడం దాని విధి అని చెప్పింది.

చెట్టు కొట్టాలంటే అనుమతి ఉండాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది. ‘ప్రమాదకరం’ అన్న ఒక్క మాటే అనుమతిగా చెల్లిపోతే, రేపు దుకాణం బోర్డుకు అడ్డొచ్చిన వేపచెట్టూ ప్రమాదకరమే అవుతుంది. ఎల్లుండి రోడ్డు వెడల్పుకు అడ్డొచ్చిన చింతల వరుస మొత్తం ప్రమాదకరమే. ఈ ఆనవాయితీకే మేము భయపడుతున్నాం.

ఈశాన్య రుతుపవనాలు ఏటా అక్టోబరులో వస్తాయి, చెప్పకుండా కాదు. ఆలోగా ప్రతి చెట్టుకూ అంకె వేసి, చూసినవారి పేరు, చూసిన తేదీ రాసి పెట్టండి. రంపానికి పెట్రోలు పోయగలిగినవారికి ఒక సుత్తి కొనడం భారమా?